మూడేండ్ల మెరుపు

ఆ ఎండాకాలం వీరేశానికి కాలు ఒక్కచోట నిలవలేదు. సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి మిర్యాలగూడకు, అక్కణ్ణుంచి మళ్లీ సూర్యాపేటకు మోటార్ సైకిల్ మీద తిరుగుతూనే ఉన్నాడు. భుజానికి సంచి, సంచిలో రెండు సీసాల నీళ్లు, ఒక మెత్తటి గుడ్డ. దారిలో తెలిసినవాళ్లు ఎటు పోతున్నవని అడిగితే "గిట్లనే, ఒక కారు సూసొద్దామని" అనేవాడు. ఎవరి కారు, దాన్లో చూసేదేముంది అని ఇంకో మాట అడిగేలోపే బండి కిక్కు కొట్టేవాడు.

వీరేశం కార్లకు రంగులు వేస్తాడు. మోతెలో గొర్లు కాసే ఐలన్న రెండో కొడుకు. పదహారో ఏట గొర్ల వెంట తిరగనని మొండికేసి, విజయవాడ ఆటోనగర్ చేరి, ఆరేళ్లు పుట్టీ రుద్దీ రుద్దీ వేళ్ల చర్మం పోగొట్టుకుని, స్ప్రే గన్ను పట్టడం నేర్చుకుని వచ్చాడు. సూర్యాపేటలో హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకుని పద్నాలుగేళ్లయింది. గుద్దుకున్న కారుకు వీరేశం రంగు వేస్తే ఏది పాత డోరో ఏది కొత్తదో ఓనరే పోల్చుకోలేకపోయేవాడు. షెడ్డులో అతనికి తోడు భార్య గోపిక. అద్దాల మీద, లైట్ల మీద రంగు పడకుండా కాగితాలు, టేపు అంటించే పని ఆమెది. టేపు గీత ఒక నూలుపోగంత వంకర పోయినా పీకేసి మళ్లీ అంటించేది. అప్పటిదాకా మొగుణ్ణి గన్ను ముట్టనిచ్చేది కాదు.

2012 దసరా ముందు హైదరాబాదు నుంచి జైరాం అని ఒక కంపెనీ మనిషి వచ్చాడు. కొత్తగా గ్లాస్ కోటింగ్ వచ్చిందన్నాడు. కారు రంగు మీద స్ప్రే కొడితే అద్దంలాంటి పొర పడుతుందట. మాటలతో ఆగలేదు. షెడ్డులో ఉన్న కారు బానెట్ మీద సగానికి ఆ మందు కొట్టి, ఆరనిచ్చి, బురదనీళ్లు పోశాడు. మందు లేని సగం మీద బురద అంటుకుంది, మందున్న సగం మీద నుంచి జారిపోయింది. మార్కర్ పెన్నుతో పిచ్చిగీతలు గీసి గుడ్డతో తుడిస్తే గీత మిగల్లేదు. చివరికి మంచినీళ్లు చల్లాడు. నీళ్లు అంటుకోకుండా ముత్యాల్లా గుండ్లుగుండ్లుగా కట్టి, దొర్లి కింద పడ్డాయి.

"మూడేండ్లు, వీరేశం భాయ్. ఎండైనా, వానైనా, పిట్ట రెట్టైనా ఏదీ అంటదు. పాలిష్ పనే లేదు. కడుగుడు, మరిచిపోవుడు, అంతే."

వీరేశం ఆ నీటి గుండ్ల వైపే చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా రంగులతో బతుకుతున్నవాడు, అలాంటి మెరుపు ఎన్నడూ చూడలేదు. వెనక నిలబడ్డ గోపిక అడిగింది.

"సార్, ఈ మందు వచ్చి ఎన్నేండ్లయింది?"

"పోయిన ఏడే వచ్చిందమ్మా, బిల్కుల్ కొత్తది."

"మరి మూడేండ్లు ఉంటదని మీకెట్ల ఎర్కయింది?"

జైరాం నవ్వాడు. "ల్యాబుల మిషన్ ఉంటదమ్మా. ఎండ, వాన అన్నీ అండ్లనే పెడతరు. మిషన్ల కొన్ని దినాలంటే బయట మూడేండ్ల లెక్క."

"మా సూర్యాపేట ఎండ గుడ పెట్టిన్రా అండ్ల?"

"నువ్వు జర ఊకోవే" అని కసిరాడు వీరేశం. అతని మనసు అప్పటికే ఆ బానెట్ మీద ఉంది.

హైదరాబాదులో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. షెడ్డు ముందుకు కంపెనీ బ్యానర్ వచ్చింది. కోటింగ్ వేయించుకున్న ప్రతివాళ్లకూ ఒక గ్యారంటీ కార్డు ఇవ్వాలి, దాని మీద వీరేశం సంతకం పెట్టాలి. సంతకమంటే అతనికి సంబరమే అనిపించింది. రంగు వేసినవాడి పేరు కారు మీద ఎక్కడా ఉండదు కదా, ఇన్నేళ్లకు ఒక కాగితం మీదైనా ఉంటుంది.

మొదటి కారు మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటు ఉపేందర్‌ది. కొత్త నల్ల కారు. నీళ్లు దొర్లిపోతుంటే చూసి ఉపేందర్ చిన్నపిల్లాడిలా మళ్లీ చల్లు, మళ్లీ చల్లు అన్నాడు. మిల్లర్లు నలుగురు చేరినచోటల్లా ఆ కారు ముచ్చటే చెప్పాడు. అతని మాట మీదే ఇంకో ముగ్గురు మిల్లర్లు కార్లు పంపించారు. సంక్రాంతి దాటేసరికి పదకొండు కార్లయ్యాయి.

ఫిబ్రవరిలో ఒక రోజు డెంటు పడ్డ కారేదో చూడటానికి మిర్యాలగూడ పోయిన వీరేశం, ఎట్లాగూ వచ్చాను కదా అని ఉపేందర్ మిల్లుకు పోయాడు. డ్రైవర్ హన్మా కారు కడుగుతున్నాడు. పైపుతో నీళ్లు కొడుతున్నాడు. నీళ్లు గుండ్లు కట్టడం లేదు. మామూలు కారు మీద ఎలా పరుచుకుంటాయో అలాగే బానెట్ అంతా పరుచుకుని, అంచుల నుంచి తీరిగ్గా కారుతున్నాయి. వీరేశం దగ్గరికి పోయి చూశాడు. టాపు మీద సన్నటి చుక్కలు. బాయిలర్ పొగగొట్టం నుంచి పడే ఊక బూడిద కరుచుకుని, తుడిచినా పోని మచ్చలు. నాలుగు నెలలు కూడా నిండలేదు.

"ఏందన్నా గట్ల సూస్తున్నవ్?" అన్నాడు హన్మా.

"ఏం లేదు" అన్నాడు వీరేశం.

అంతలో ఉపేందర్ బయటికి వచ్చాడు. వెంట గుంటూరు నుంచి వచ్చిన బియ్యం వ్యాపారి ఎవరో ఉన్నాడు. "ఇగో, గీయననే మా కారుకు కోటింగ్ ఏసింది. మూడేండ్లు సూడనక్కర్లే" అని వీరేశం భుజం మీద చెయ్యి వేశాడు. వీరేశం తల ఊపి, చాయ్ తాగి వచ్చేశాడు.

ఆ తల ఊపడమే అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. తింటుంటే గుర్తొచ్చేది. గన్ను పట్టుకుంటే గుర్తొచ్చేది. జైరాంకు ఫోను చేస్తే "మిల్లు బూడిదకు కంపెనీ ఏం చేస్తది భాయ్? కార్డు ఎనుక కండిషన్లు ఉన్నయి, సదువు" అన్నాడు. వీరేశం కార్డు తిప్పి చూశాడు. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. సంతకం పెట్టిన పదకొండు సార్లలో ఒక్కసారి కూడా వెనక తిప్పి చూసుకోలేదు.

అప్పటి నుంచీ నీళ్ల సీసాలు మొదలయ్యాయి. ఒక్కో కారు ఎక్కడ ఆగుతుందో కనుక్కుని, ఓనరు లేని సమయం చూసి పోయేవాడు. నాలుగు చుక్కలు చల్లి, గుండు కడుతుందా పరుచుకుంటుందా చూసి, తుడిచేసి వచ్చేవాడు. ఇంటికొచ్చి గోపికకు చెప్పేవాడు. ఒకటి పోయింది. ఒకటి సగం పోయింది. ఒకటి బాగుంది. ఎందుకు పోయిందో, ఎందుకు బాగుందో మాత్రం అంతు చిక్కలేదు.

"దొంగోని లెక్క ఊర్లు పట్టుకోని తిరుగుడెందుకు? మనింట్లనే సూసుకోరాదు" అంది గోపిక.

పాత ఇనుము కొట్టు నుంచి ఒక బానెట్ తెచ్చి నల్లరంగు వేశారు. గోపిక టేపుతో మూడు భాగాలు చేసింది. ఒకదానికి ఏమీ లేదు, ఒకదానికి మామూలు పాలిష్, ఒకదానికి కోటింగ్. షెడ్డు మీద ఎండ తగిలేట్టు పెట్టి, రోజు విడిచి రోజు ఆమే ఎక్కి కడిగేది. పాలిష్ భాగం మూడు వారాలకే పోయింది. కోటింగ్ ఆరు వారాలు నిలిచి, ఏప్రిల్ మధ్యలో అదీ నీళ్లు పట్టడం మొదలుపెట్టింది. వీరేశం ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

రెండు రోజులకు ఐలన్న మోతె నుంచి వచ్చాడు. కొడుకు ముఖం చూసి, కోడలు చెప్పింది విని, నిచ్చెనెక్కి ఆ బానెట్ చూసి దిగాడు. ముసలాయనకు కార్ల సంగతి తెలియదు. కానీ ఒక మాట అడిగాడు.

"దీన్ని దేనితోని కడుగుతున్నవమ్మా?"

"అన్ని కార్లు కడిగినట్లనే మామా, సబ్బు పొడితోని."

"మన గొంగడికి సబ్బు పెడితే ఏమైతది? ఊలుకుండే జిడ్డంత పోతది. ఇగ ఆ గొంగడి కప్పుకోని వానల నిలబడు, నీళ్లన్ని నెత్తి మీదికే దిగుతయి. నీ మందు సంగతి నాకెర్క లేదు బిడ్డా. నీళ్లను ఆపేదేదైనా సబ్బుకు ఓర్వదని మాత్రం ఎర్క."

వీరేశం ఆ మధ్యాహ్నమే ఇంకో బానెట్ తెచ్చాడు. ఈసారి మొత్తం కోటింగే. ఒక సగం సబ్బు పొడితో, ఇంకో సగం ఉత్త నీళ్లతో కడగాలి. మే నెల సగమయ్యేసరికి సబ్బు సగం నీళ్లు పట్టడం మొదలుపెట్టింది. నీళ్ల సగం మీద గుండ్లు ఇంకా గుండ్లుగానే ఉన్నాయి, కాకపోతే మొదటంత చురుగ్గా దొర్లడం లేదు. మూడేళ్లు ఎట్లా చూసినా కనిపించడం లేదు. కానీ ఉత్త అబద్ధమూ కాదు.

ఇక చూడాల్సింది కోదాడ కారు. అది అరుణకుమారిది. జూనియర్ కాలేజీలో లెక్చరర్, ధాన్యం వ్యాపారుల ఇంటి కోడలు, కారు తనే నడుపుకుంటుంది. ఇంటి దగ్గర కుక్క ఉండటంతో వీరేశానికి ఆ కారు దగ్గరికి పోవడం కుదరలేదు. ఒక రోజు ఆమె బైపాస్ పక్కన ఫంక్షన్ హాల్లో పెళ్లికి వచ్చిందని తెలిసి, పన్నెండు గంటల ఎండలో అక్కడికి పోయాడు. ఎర్ర కారు వరుస చివర ఉంది. చుట్టూ చూసి, సీసా మూత తీసి బానెట్ మీద వంచాడు.

వెనక నుంచి ఎవరో చొక్కా కాలర్ పట్టుకున్నారు.

"ఏయ్! ఏం పోస్తున్నావురా కారు మీద?" వాచ్‌మన్. ఆ కేకకు భోజనాల దగ్గర నుంచి పది మంది వచ్చారు. ఎవరో యాసిడ్ అన్నారు. ఆ మాట వినగానే జనం ఒకడుగు వెనక్కి వేసి, వెంటనే రెండడుగులు ముందుకు వేశారు. ఒకడు చెయ్యెత్తాడు కూడా. పెట్రోలేమో చూడండి, పోలీసులకు ఫోను చెయ్యండి అంటున్నారు.

"నీళ్లన్నా, ఉత్త నీళ్లు" అన్నాడు వీరేశం. ఎవరూ వినలేదు. అతను సీసా ఎత్తి గటగటా తాగేశాడు. నీళ్లు గడ్డం మీద నుంచి కారి చొక్కా తడిసింది. సీసా తలకిందులు చేసి చూపించాడు. అప్పుడు గాని వాచ్‌మన్ కాలర్ వదల్లేదు.

అరుణకుమారి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఈయన నాకు తెలుసు. సూర్యాపేట పెయింటర్" అని, అతని వైపు తిరిగింది. "ఏంటండీ వీరేశం గారూ ఇది? చూడాలంటే ఇంటికొచ్చి అడగొచ్చు కదా?"

జనం ఇంకా కదల్లేదు. వీరేశానికి చెవులు మండుతున్నాయి. మూడు నెలలుగా ఏ ఓనరుకూ చెప్పని మాట అంతమంది ముందు చెప్పాల్సి వచ్చింది.

"నేను ఏసిన కోటింగ్ నిలుస్తుందో లేదో సూస్తున్న మేడమ్. మూడేండ్లని సంతకం పెట్టిచ్చిన. కొన్ని కార్లకు నాలుగు నెలలకే పోయింది. మీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక..."

ఆమె అతని సంచిలోని రెండో సీసా తీసుకుని, తనే బానెట్ మీద చల్లింది. నీళ్లు గుండ్లు కట్టి జారిపోయాయి. జనంలో ఎవరో ఆహా అన్నారు. వీరేశం మాత్రం వెంటనే అడిగాడు.

"దీన్ని దేంతో కడుగుతరు మేడమ్?"

"నీళ్లతోనేనండి. మా అత్తగారి పాత నేత చీర ముక్కతో తుడుస్తాను. సబ్బు పెడితే రంగు పోతుందేమోనని భయం. బండి ఎప్పుడూ షెడ్డు నీడలోనే ఉంటుంది."

"గట్లనే చేయున్రి. అయినా మూడేండ్లు వస్తదని నేను చెప్పలేను. ఏడాది వస్తే వచ్చినట్టు."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"నాకూ ఎర్క లేదు మేడమ్. ఎర్క లేదని చెప్పాల్సింది. అది చెప్పలే."

ఆమె సీసా మూత బిగించి అతని చేతికిచ్చింది. "చెప్పారు కదా. భోంచేసి వెళ్లండి" అంది. అతను తినలేదు. అక్కణ్ణుంచి ఇంటికి పోవాల్సినవాడు హుజూర్‌నగర్ రోడ్డు పట్టాడు. ఇప్పుడు పోకపోతే ఇక పోలేనని అతనికి తెలుసు.

మిర్యాలగూడ చేరేసరికి మూడు దాటింది. మిల్లు ముందు లారీలు, ఉడికిన వడ్ల వాసన. ఉపేందర్ ఆఫీసు గదిలో ఉన్నాడు. వీరేశం కూర్చోకుండానే చెప్పాడు. కోటింగ్ పోయిందని, ఫిబ్రవరిలోనే చూశానని, అప్పుడు చెప్పకపోవడం తన తప్పని, మిల్లు బూడిదకు, సబ్బు పొడికి అది ఓర్వదని. ఉపేందర్ నవ్వాడు ముందు.

"ఏం పోయింది? మెరుస్తలేదా కారు?"

"మెరుస్తది సేటూ, కొత్త కారు కాబట్టి మెరుస్తది. నీళ్లు చల్లి సూపిస్త రా."

బయటికి వచ్చి చల్లాడు. నీళ్లు పరుచుకుని అలాగే ఉండిపోయాయి. హమాలీలు ఇద్దరు బస్తా దించి నిలబడి చూస్తున్నారు. ఉపేందర్ ముఖం రంగు మారింది.

"నా మాట మీద ముగ్గురు ఏయించుకున్నరు. వాళ్లకేం చెప్పాలె? ఉపేందర్ను ఒక పెయింటరోడు పిచ్చోన్ని చేసిండని చెప్పన్నా?"

"నేనే పోయి చెప్త సేటూ. నీ పేరు రానియ్య. బూడిద మచ్చలు తీసి, పాలిష్ పట్టించి ఇస్త. మళ్లా కోటింగ్ కావాలంటే ఏస్త, కాని మూడేండ్లని మాత్రం..."

"ఏమొద్దు, పో. నీకెవడు చెప్పమన్నడు? గమ్మునుంటే గమ్మున పోయేది."

వీరేశం పోయాడు. పోయి, మిగిలిన ముగ్గురు మిల్లర్లకూ ఆ సాయంత్రమే చెప్పాడు. ఒకాయన బూతులు తిట్టాడు. ఒకాయన డబ్బులు వాపస్ అడిగితే సరేనన్నాడు. మూడో ఆయన కారు దగ్గరికి కూడా రాకుండా "అంతేనా? నేను ఏ యాక్సిడెంటో అనుకున్న" అని టీవీ వైపు తిరిగాడు. వీరేశానికి తిట్లకంటే అదే ఎక్కువ తగిలింది. తన నిద్రలన్నీ పాడుచేసిన సంగతి అతనికి ఒక సంగతే కాలేదు.

జూన్ మొదట్లో గోపిక షెడ్డు ముందు ఒక రేకు వేలాడదీసింది. అక్షరాలు వీరేశం రాసినవి. "గ్లాస్ కోటింగ్. ఎండలో ఆరు నెలలు, నీడలో ఏడాది. సబ్బు పొడి పెట్టవద్దు. ఇది మేము చూసినదాన్ని బట్టి వేసిన అంచనా." పక్కనే కంపెనీ బ్యానర్ మీద మూడేండ్లు అని ఎర్రగా ఉంది. వారం తిరక్కుండానే జైరాం దిగాడు.

"కంపెనీ మూడేండ్లంటే నువ్వు ఆర్నెల్లంటవా? ఎవడన్న తన సరుకు తనే చెడగొట్టుకుంటడా?"

వీరేశం అతన్ని నిచ్చెనెక్కించి రెండు బానెట్లూ చూపించాడు. జైరాం చాలాసేపు చూశాడు. దిగాక గొంతు తగ్గించి, "భాయ్, నీకు చెప్తున్న, ఎవరితోటీ అనకు. మా బావ కారుకు గుడ ఎనిమిది నెలలకే పోయింది. నేనేం చెయ్యాలె, నా నౌకరీ గిది" అన్నాడు. అని, బ్యానర్ విప్పించి, మిగిలిన మందు సీసాలు లెక్కబెట్టుకుని తీసుకుపోయాడు. వాటితోపాటే డీలర్‌షిప్ పోయింది. పోతుంటే వీరేశానికి బాధ కలిగింది. ఆ మెరుపు అతనికి నిజంగా నచ్చింది మరి.

వానలు పడ్డాక ఒక పొద్దున హన్మా నల్ల కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఉపేందర్ రాలేదు, ఫోను కూడా చేయలేదు. "సేటు మచ్చలు తీయమన్నడన్నా. ఇంకేం చెప్పలే" అన్నాడు హన్మా. వీరేశం రెండు రోజులు ఆ కారు మీదే ఉన్నాడు. పని అయ్యాక హన్మాకు గుడ్డ ఇచ్చి, ఉత్త నీళ్లతో పైనుంచి కిందికి ఎలా తుడవాలో చేసి చూపించాడు.

అప్పటికి పది కార్లవాళ్లకు చెప్పడం అయింది. పదకొండోది దామరచర్ల కాంట్రాక్టర్‌ది. నాలుగుసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. జూలై నడుమ, ముసురులో తడుసుకుంటూ అక్కడికి పోతే, కారు ఎప్పుడో అమ్మేశానన్నాడు కాంట్రాక్టర్. కొన్నది కృష్ణ అవతల మాచర్ల మనిషి. నంబరు తీసుకుని, ఒక హోటల్ చూరు కింద నిలబడి ఫోను చేశాడు వీరేశం. తను ఎవరో, కోటింగ్ ఏంటో, అది ఎన్నాళ్లు ఉంటుందో, ఎన్నాళ్లు ఉండదో అంతా చెప్పుకొచ్చాడు. అవతలి మనిషి ఓపిగ్గా విన్నాడు.

"కోటింగా? దానికట్టాంటిది ఉందని నాకెవరూ చెప్పలేదే."

"ఉండెనండీ. ఇప్పుడు ఉన్నదో పోయిందో తెల్వదు. సబ్బు పొడితో మాత్రం కడగకున్రి."

"అసలు కడిగితే గదయ్యా! వాన పడ్డప్పుడు అదే కడుక్కుంటది. బండి బానే నడుస్తుంది, నువ్వేం దిగులుపడబాక" అని ఫోను పెట్టేశాడు.

వీరేశం ఫోను వైపు చూస్తూ నిలబడ్డాడు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే హోటలాయన వింతగా చూశాడు. ఒక చాయ్ చెప్పి బల్ల మీద కూర్చున్నాడు. ఫిబ్రవరి తర్వాత హోటల్లో కూర్చుని చాయ్ తాగడం అదే మొదలు. గోపికకు ఫోను చేసి, అయిపోయింది, వస్తున్నా అన్నాడు.

"నిమ్మలంగ రా. నకిరేకల్ నుంచి జీపు ఒకటి వచ్చింది, కింద మొత్తం తుప్పే. ఎన్ని దినాలు పడతదని అడుగుతున్నరు. ఏం చెప్పను?"

వీరేశం చాయ్ చివరి గుక్క తాగాడు.

"సూడకుండ ఎట్ల చెప్త? వచ్చి సూసినంక చెప్త అను" అని, చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వానలోకి నడిచాడు.